పొయ్యి ఆర్పిన రోజులు

అక్టోబరు చివర ఒక సోమవారం పొద్దున ఐవర్ ప్రాసర్ పొయ్యిలోని బూడిదంతా ఎత్తి పారబోసి, ఇనప తలుపు మూసేసి, మళ్ళీ వెలిగించలేదు. ఆ లోయలో ఆ రోజుల్లో పొయ్యి ఆర్పుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. కొండ మీది చలి అప్పటికే కిటికీ సందుల్లోంచి లోపలికి వస్తోంది. కానీ పొయ్యిగూడు మీద అడ్డంగా కూర్చున్న ఓక్ దూలానికి నూనె పట్టించాలంటే కింద వేడి తగలకూడదు. వెచ్చబడిన చెక్కకు నూనె పూస్తే లోపలికి దిగేలోపే పైన జిగురు కట్టేస్తుంది.

ఆ దూలం వాళ్ళింటికి వచ్చి రెండు చలికాలాలు దాటింది. కోత మిల్లు వాకిట్లో పడున్న పచ్చి దుంగల్లోంచి అతని భార్య నెస్టా దాన్ని ఏరుకుంది. ఒక చివర పెద్ద ముడి ఉందని మిల్లువాడు వేరేది చూపించబోతే, ఆ ముడి కోసమే తీసుకుంటున్నానని చెప్పింది. పచ్చి ఓక్‌కి వెంటనే నూనె పెట్టకూడదు. తనలోని తడి వదిలి, పగలాల్సినంత పగిలి, ఒంగాల్సినంత ఒంగాక పెట్టాలి. ఇంకో చలికాలం పోనీ అని ఐవర్ అనేవాడు.

"చెక్క ఎండేదాకా ఆగుతావా, నేను ఎండేదాకా ఆగుతావా?" అని నెస్టా ఎగతాళి చేసేది.

ఏప్రిల్‌లో నెస్టా పోయింది. చెక్క ఎండింది.

నూనె లేని ఓక్ మసినీ, చేతి జిడ్డునీ తాగేస్తుంది. ఇంకో చలికాలం వట్టిగా ఉంచితే నల్లబడిపోతుంది, ఆ మీద ఎవరూ ఏమీ చేయలేరు. అందుకని ఐవర్ ఆ పొద్దున దూలం మీది సామానంతా దించాడు. గడియారం, ఇత్తడి కొవ్వొత్తి స్తంభాలు, కొండ మేళాలో నెస్టా గెలుచుకున్న పింగాణీ కోడి. ఏప్రిల్ నుంచి అలాగే నిలబడి ఉన్న సానుభూతి కార్డులు. కార్డుల్ని ఎప్పుడు తీసేయాలో అతనికి ఎవరూ చెప్పలేదు. తీశాక ఎక్కడ పెట్టాలో తెలియక, దుప్పట్ల అలమరలో పై అరలో పెట్టాడు.

పొయ్యి ఆర్పుతున్నప్పుడు అతనికో ఆలోచన వచ్చింది. వచ్చినందుకు సిగ్గుపడ్డాడు గానీ దాన్ని వదిలించుకోలేకపోయాడు.

వాళ్ళింటి వెనక వాగు ఉంది. వాగుకి అవతలి గట్టు మీద ఎనిడ్ గ్విలియం ఇల్లు. మధ్యలో చెట్లు అడ్డం కాబట్టి ఈ ఇంటినుంచి ఆ ఇంటి పొగగొట్టం, పెరట్లో ఒక ముక్క, అంతే కనిపిస్తాయి. ఆ ఇంటినుంచి ఈ ఇల్లూ అంతే. నెస్టా రోజూ పొద్దున వంటింటి కిటికీ దగ్గర టీ కప్పుతో నిలబడి ఎనిడ్ పొగగొట్టంలోంచి పొగ వచ్చిందో లేదో చూసేది. ఎనిడ్ అవతల్నుంచి వీళ్ళ పొగ చూసేది. ఇద్దరూ అనుకుని పెట్టుకున్న ఏర్పాటు కాదు. ఒకసారి ఫలహారం వేళ దాటినా పొగ రాకపోతే, నెస్టా ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వంతెన దాటి పరుగెత్తింది. పెరట్లో బొగ్గుల కొట్టు ముందు చీలమండ మడత పడి కూర్చుని ఉంది ఎనిడ్. ఐవర్‌కి ఇవన్నీ సాయంత్రం వినే కబుర్లు మాత్రమే. అతను పాల ట్యాంకరు తోలేవాడు. తెల్లారకముందే పొలాల వెంట తిరుగుతూ ఉండేవాడు. ఆ జిల్లాలో ప్రతి రైతు వాకిలీ, ప్రతి కుక్క పేరూ అతనికి తెలుసు. ఆ ఇళ్ళ వంటగదులు మాత్రం ఒకటో రెండో చూశాడు.

నెస్టా పోయిన దగ్గర్నుంచి అతన్ని ఒకే ప్రశ్న వేధిస్తోంది. తనకి ఏదైనా అయితే ఎవరికైనా తెలుస్తుందా? పోస్టు పెట్టెలో పేరుకున్న కాగితాలు చూసి పోస్టావిడ కనిపెట్టాల్సిందేనా? పొయ్యి ఆర్పేస్తున్నానని ఎనిడ్‌కి ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. ఆమెతో మొదలుపెడితే ఫోను పెట్టెయ్యడం కష్టమని తనకి తనే చెప్పుకుని, చేయలేదు. అసలు కారణం వేరని అతనికి తెలుసు. చెబితే ఆమె రావడానికి అర్థం ఉండదు. చెప్పకుండానే ఎవరైనా రావాలి.

సోమవారమే ఒక పొరపాటు చేశాడు. దూలం మీది మసి వదిలించడానికి గిన్నెలు తోమే స్టీలు పీచు తీసుకుని, తడిపి, చివర్నుంచి చివరికి రుద్దాడు. చెక్క తేనెరంగులో తేటపడింది. నీళ్ళగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పెరట్లో తీగ మీద ఆరేసి, పని తేలికైపోయిందనుకున్నాడు. మర్నాడు పొద్దున చూస్తే దూలం నిండా నల్లటి చుక్కలు. ఎవరో సిరా విదిలించినట్టు. ముడి చుట్టూ మరీ ఎక్కువ. వేలితో రుద్దాడు, గోటితో గీకాడు. పోలేదు. నెస్టా ఏరుకున్న దూలం. పదిలంగా ఇన్నాళ్ళు ఆగి, చివరికి తన చేత్తో తనే పాడుచేసుకున్నాడు. స్టూలు మీదే చాలాసేపు కూర్చుండిపోయాడు.

ఊళ్ళో ఇనప సామాన్ల కొట్టు లెన్‌ది. సంగతి సగం చెప్పేసరికే లెన్ గల్లా మీద మోచేతులు ఆనించి నవ్వడం మొదలుపెట్టాడు.

"ఓక్ మీద తడి స్టీలు పీచా? పూర్వం సిరా అలాగేగా కాచేవాళ్ళు. ఓక్ వగరూ, ఇనప తుక్కూ. నువ్వు దూలం తోమలేదయ్యా, ఇంకుబుడ్డి చేశావు."

"పోతాయా, పోవా? అది చెప్పు."

లెన్ నవ్వు ఆపాడు. తానూ ఒకప్పుడు అత్తగారి భోజనాల బల్లని ఇలాగే చుక్కల ఆవుని చేశానని, ఆవిడ బతికున్నన్నాళ్ళూ దాని మీద గుడ్డ పరిచే ఉంచిందని చెప్పాడు. తర్వాత లోపలికి వెళ్ళి ఒక డబ్బా తెచ్చాడు. అందులో ఉప్పులాంటి తెల్లటి పలుకులు ఉన్నాయి. వేడినీళ్ళలో కరిగించి, చేతికి తొడుగులు వేసుకుని, చుక్కల మీదే కాకుండా దూలమంతా పూయాలి, లేకపోతే మచ్చ పోయిన చోట ఇంకో మచ్చ తేలుతుంది. తర్వాత మంచినీళ్ళతో మళ్ళీ మళ్ళీ కడగాలి. పూర్తిగా ఆరనివ్వాలి. ఆపైన గరుకు కాగితం, అప్పుడు అవిసె నూనె. పల్చగా పూసి, కాసేపాగి, మిగిలింది మొత్తం తుడిచేయాలి. మళ్ళీ ఆరాలి. మళ్ళీ పూయాలి.

"నూనె గుడ్డలు మాత్రం ఉండచుట్టి మూల పడేయకు," అన్నాడు లెన్, ఈసారి నవ్వకుండా. "వాటంతట అవే అంటుకుంటాయి. విప్పి తీగ మీద ఆరెయ్. ఇక పొయ్యి జోలికి పోకు. ఇల్లు చర్చిలా చల్లగా ఉండాలి."

చుక్కలు పోయాయి. ఒక్కసారిగా కాదు, రెండోసారి పూశాక, కళ్ళ ముందే కాఫీ మరక కరిగినట్టు కరిగిపోయాయి. ముడి దగ్గర మాత్రం ఒక మసక నీడ మిగిలింది. ఐవర్ ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడే గుర్తొచ్చింది, రెండ్రోజుల్లో అయిపోవాల్సిన పని ఇక వారం పైన పడుతుందని, అన్ని రోజులూ తన పొగగొట్టం ఊరికే ఆకాశం కేసి చూస్తూ ఉంటుందని.

పొయ్యి లేని ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అతను అంతకుముందు ఎరగడు. కట్టె చిటపటలాడదు, గొట్టంలో గాలి ఊదదు. గడియారం కూడా దించి, కీ ఇవ్వకుండా సోఫా మీద పడుకోబెట్టాడు కాబట్టి అదీ పలకదు. ఇంట్లోనే కోటు తొడుక్కుని తిరిగాడు. కసాయి కొట్టు నుంచి తెచ్చిన పంది మాంసం కూరిన రొట్టెని చల్లగానే తిన్నాడు, టీకి మాత్రం కరెంటు కెటిల్ పెట్టుకున్నాడు. పొద్దున పూట వంటింటి కిటికీ దగ్గర, నెస్టా నిలబడే చోటే నిలబడి బయటికి చూశాడు. కొండ దిగి వంతెన మీదుగా తన ఇంటికి వచ్చే కాలిబాట అక్కణ్ణుంచి బాగా కనిపిస్తుంది. బాట మీద ఎవరూ లేరు.

బుధవారం ఎందుకైనా మంచిదని ముందుగది ఊడ్చాడు. ట్రేలో రెండు కప్పులు పెట్టాడు. బిస్కెట్ల డబ్బా మూత తీసి వాసన చూసి, మెత్తబడినవి పక్షులకి వేసి కొత్త పొట్లం విప్పాడు. ఆ రోజు దూలం ఆరిందని చేత్తో చూసుకుని, గరుకు కాగితం పట్టి, మొదటి చేయి నూనె పూశాడు. గుడ్డ ముంచి పిండి, చెక్క ఈనె వెంటే లాగాడు. లాగిన మేరా పాలిపోయిన చెక్క లోపల్నుంచి ఎవరో దీపం పెట్టినట్టు రంగు తేలింది. ముడి చుట్టూ ఈనెలు, రాయికి తగిలి పక్కకి తిరిగిన వాగు నీళ్ళలా, వంకర తిరిగి మళ్ళీ కలుసుకున్నాయి. ఇదుగో చూడు అనబోయి వెనక్కి తిరిగాడు. వెనక రెండు కప్పులతో ట్రే ఉంది.

మిగులు నూనె తుడిచి, గుడ్డల్ని విప్పి తీగకి తగిలించాడు. గోధుమరంగు పేలికలు గాలికి ఊగాయి.

గురువారం బాట కేసి చూశాడు. శుక్రవారం కూడా. పోస్టావిడ వచ్చింది, చలిగా ఉంది కదూ అంది, వెళ్ళిపోయింది. ఆమె తలెత్తి ఇంటి కప్పు కేసి చూడలేదు. అతనికి క్రమంగా కోపం రావడం మొదలైంది. కోపం ముందు ఎనిడ్ మీద. నెస్టా ఉండగా గంటకో కబురు, ఇప్పుడు పొగ లేక ఇన్నాళ్ళయినా చీమ కుట్టినట్టు లేదు. తర్వాత లోయలో ఉన్న అందరి మీదా. ఎన్నేళ్ళు వాళ్ళ పాలు మోశాను, మంచులో, వరదలో, ఒక్క రోజు ఆగకుండా. చివరికి నెస్టా మీద కూడా వచ్చింది. స్నేహాలన్నీ తన పేరు మీదే పెట్టుకుని, వెళ్ళేటప్పుడు తీసుకుపోయింది. ఆ మాట మనసులో అనుకున్నాక, కుర్చీలో కూర్చోలేక లేచి వెళ్ళి రెండో చేయి నూనె పూశాడు. చేతులు ఆగితే ఆలోచన ఆగదు.

వారం తిరిగి సోమవారం వచ్చింది. ఆఖరి చేయి పూసి, గుడ్డలు తీగ మీద ఆరేసి, ట్రేలో ఒక కప్పు తీసి అలమరలో పెట్టేశాడు. తర్వాత బూట్లు తొడుక్కున్నాడు. వాగు పొంగిందేమో చూసొద్దామని బయల్దేరానని అనుకున్నాడు. వాగు పొంగలేదు. అయినా వంతెన దాటి, గట్టెక్కి, ఎనిడ్ పెరటి గేటు దాకా వెళ్ళాడు.

ఎనిడ్ గ్విలియం మడిలో లావుపాటి ఉల్లికాడల్లాంటి లీక్ కాడలు పీకుతోంది. అతనికన్నా కొన్నేళ్ళు పెద్దది. చచ్చిపోయిన మొగుడి టోపీ పెట్టుకుని, మోకాళ్ళ కింద గోనె వేసుకుని ఉంది. తల ఎత్తకుండానే మాట్లాడింది.

"అయితే వంతెన ఇటువైపుకి కూడా పనిచేస్తుందన్నమాట."

ఐవర్ వారమంతా కూడబెట్టుకున్న మాటలు గేటు దగ్గరే తారుమారయ్యాయి. "మా ఇంట్లో పొగ లేక వారం దాటింది, మిసెస్ గ్విలియం," అన్నాడు.

"ఎరుగుదును."

"నేను లోపల చచ్చి పడున్నానేమో అనిపించలేదా మీకు?"

"చచ్చినవాడు రోజూ గుడ్డలు ఆరేసుకోడు కదయ్యా."

ఎనిడ్ ఒక లీక్ కాడని బూటుకి కొట్టి మట్టి రాల్చింది.

"మొదటి రోజు పొగ రాలేదు. బూట్లేసుకుని వంతెన దాకా వచ్చాను. నువ్వు పెరట్లో తడి గుడ్డ పిండుతున్నావు. బతికే ఉన్నాడు అనుకున్నాను. తర్వాత నూనె పేలికలు కనబడ్డాయి. ఓహో, నెస్టా దూలానికి ముహూర్తం కుదిరింది అనుకున్నాను. ఆ దూలం ఊసు ఆమె నాకు చెప్పని రోజు లేదు."

"ఒక్క కేక వేయొచ్చుగా. వంతెన దాకా వచ్చినదానివి." కోపంలో అతను మీరు అనడం మరిచిపోయాడు. ఆమె పట్టించుకోలేదు.

"వేయొచ్చు. ఏప్రిల్‌లో కేకు పట్టుకుని మీ గుమ్మంలోకి వస్తే, నన్ను ఒంటరిగా ఉండనివ్వండి అన్నావు నువ్వు. తలుపు సందులోంచి. కేకు మాత్రం తీసుకున్నావు."

ఐవర్‌కి కేకు గుర్తుంది. ఆ మాట గుర్తులేదు. కానీ ఆమె చెబుతుంటే తన గొంతు తనకే వినిపించింది.

"తప్పు పట్టడం లేదు," అంది ఎనిడ్. "మా సిరిల్ పోయినప్పుడు నేనూ అందరికీ అదే చెప్పాను. నెస్టా వినలేదు, తోసుకుని లోపలికొచ్చి అంట్లు తోమింది. నేను నెస్టాని కాను, ఒకరింట్లోకి తోసుకుని పోలేను. ఒంటరిగా వదిలెయ్యమన్నావు, వదిలేశాను. చూడొద్దని మాత్రం అనలేదు నువ్వు. అందుకని చూస్తున్నాను."

వారం రోజుల కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. అది పోయిన చోట ఏమీ మిగలక, అతను గేటు పట్టుకుని నిలబడ్డాడు. చాలా సంతోషమని ఏదో గొణిగాడు.

"సంతోషం సరే," అంది ఆమె. చేతులు గోనెకి తుడుచుకుని, ఒక చేయి నేల మీద ఆనించి, మెల్లగా లేచింది. లేచాక ఊపిరి తిరిగేదాకా ఆగింది. "గురువారం మా ఇంట్లో పొగ లేదు. చూశావా?"

ఐవర్ గురువారాన్ని గుర్తు చేసుకున్నాడు. కిటికీ, చేతిలో కప్పు, చలి. బాట. బాట మీద ఎవరైనా వస్తారేమోనని చూసిన తన చూపు. తలెత్తితే చాలు, అవతలి గట్టు మీద పొగగొట్టం. తలెత్తలేదు.

"లేదు," అన్నాడు.

"మధ్యాహ్నం దాకా పక్క మీదే ఉన్నాను. ఒళ్ళు కాలిపోయింది. టీ కాచుకుందామంటే మెట్లు దిగలేకపోయాను." ఫిర్యాదులా అనలేదు. వాన పడిందన్నట్టు అంది. "పడుకుని అనుకున్నాను, నెస్టా ఉంటే ఈపాటికి చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చేది కదా అని. ఏప్రిల్ నుంచి నా పొగ చూసేవాళ్ళు లేరు, ఐవర్. నీది చూడటానికి నేనైనా ఉన్నాను."

క్షమించమని అడగాలని అతనికి తెలుసు. ఆ మాట ఆమె ముందు పెడితే, దాన్ని తీసి ఎక్కడో సర్దే పని కూడా ఆమెకే పడుతుందనిపించింది. ఇప్పుడు జ్వరం ఎలా ఉందని అడిగాడు. తగ్గిందని చెప్పింది. దూలం ఎలా కుదిరిందని ఆమె అడిగింది. బాగా కుదిరిందని, ముడి దగ్గర కొంచెం నీడ ఉండిపోయిందని చెప్పాడు. ఇల్లు వెచ్చగా ఉంటే చూడటానికి రమ్మనేవాణ్ణని, ఆఖరి చేయి ఆరడానికి ఇంకా కొన్నాళ్ళు పడుతుందని చెప్పాడు.

"అయితే ఇంకా కొన్నాళ్ళు నీ పొగ ఉండదు," అంది ఎనిడ్. "ఆఖరి చేయి అంటున్నావు, ఇక గుడ్డలు కూడా ఉండవు."

"ఉండవు."

ఆమె నాలుగు లీక్ కాడలు కట్టగట్టి గేటు మీదుగా అతని చేతిలో పెట్టింది. మిగిలినవి వేసిన బకెట్టు ఎత్తబోతే ఐవర్ చేయి చాచాడు. వద్దని తల ఊపి, తనే మోసుకుంటూ లోపలికి వెళ్ళింది. తలుపు మూసిన చప్పుడు విన్నాక అతను గట్టు దిగాడు.

మర్నాడు ఐవర్ తెల్లారుతూనే లేచి వంటింటి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. బయట ఏమీ లేదు. రాత్రి వాగులోంచి లేచిన మంచు లోయంతా నిండిపోయింది. అవతలి గట్టు సంగతి అటుంచి, తన పెరట్లో తీగ కూడా కనబడటం లేదు. ఇలాంటి రోజుల్లో నెస్టా ఏం చేసేదో అతనికి తెలియదు. లోయలో ఏటా ఎన్నో రోజులు మంచు పడుతుంది, ఆమె ఏదో ఒకటి చేసే ఉంటుంది. ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు.

కోటు ఎలాగూ ఒంటి మీదే ఉంది. బూట్లు తొడుక్కుని, గోడ పట్టుకుని, గోడ అయిపోయాక కంచె పట్టుకుని వాగు దగ్గరికి దిగాడు. వంతెన పలకలు తడిసి జారుతున్నాయి. సగం దాకా వెళ్ళి ఆగాడు. ముందుకి చూస్తే తెలుపు, వెనక్కి చూస్తే తెలుపు. కళ్ళు పనికిరావని తెలిశాక ఊపిరి గట్టిగా పీల్చాడు. తడి ఆకులు, వాగు బురద. కాసేపటికి వాటి మధ్యనుంచి, పల్చగా, ఆపిల్ కట్టె కాలుతున్న వాసన.

అవతలి గట్టు మీద ఎక్కడో గేటు కిర్రుమంది.

"ఎవరూ?" ఎనిడ్ గొంతు, అనుకున్నదానికన్నా దగ్గర్నుంచి.

"నేనే."

"ఊఁ." ఆమె ఆయాసపడుతోంది. తనకోసమే ఇంత దూరం దిగి వచ్చిందని అతనికి అప్పుడు అర్థమైంది. "నీ పెరడు కనబడలేదు."

"మీ పొగ వాసన వచ్చింది."

"సరే అయితే. పో, చలి."

గేటు మళ్ళీ కిర్రుమంది. అడుగులు దూరమయ్యాయి. ఐవర్ ఆ అడుగులు వినబడకుండా పోయేవరకూ వంతెన మీదే నిలబడి, తర్వాత ఇంటికి తిరిగొచ్చాడు. ఇల్లు తాను వదిలి వెళ్ళినట్టే చల్లగా, చప్పుడు లేకుండా ఉంది. దూలం మీద వేలి వెనక భాగం ఆనించి చూశాడు. ఇంకా కొంచెం అంటుకుంటోంది. టీ కాచుకుని, కోటు విప్పకుండా కుర్చీలో కూర్చుని, వాతావరణ సమాచారం వినడానికి రేడియో పెట్టాడు. సరిహద్దు లోయల్లో రేపు కూడా మంచేనట. అతను లేచి, తడిసిన బూట్లలో పాత వార్తాపత్రిక కుక్కి, పొద్దున చేతికందేలా తలుపు పక్కన పెట్టుకున్నాడు.